రేపటి తేదీ వేసిన కాగితం

ఫోను కుట్టుమిషను సొరుగులో ఉంది. సొరుగు తాళంచెవి అత్తగారి బొడ్లో ఉంది.

"ఒక్కసారి ఇవ్వండత్తయ్యా, టైము చూసుకుని ఇచ్చేస్తాను."

"గోడ మీద గడియారం ఉంది. దాన్ని చూడు."

"ఆఫీసు నుంచి ఎవరైనా చేస్తే?"

"చేస్తే మోగుతుంది, మోగితే ఇస్తాను. నీ యూనివర్సిటీ వాళ్లు రాస్తే టింగుమంటుంది, టింగుమన్నా ఇస్తాను. నా చెవులకేం రోగం లేదు. ముందు ఆ పళ్లెంలోది తిను."

ఈ కట్టడి పెట్టుకున్నది కోడలే. పొద్దున లేచింది మొదలు ఇల్లు కదిలేదాకా ఫోను తన చేతికి ఇవ్వొద్దని తనే అత్తగారికి అప్పగించింది. అప్పటికే వారంలో మూడుసార్లు పాలు పొంగబెట్టింది. మొగుడి చొక్కా జేబు మీద ఇస్త్రీపెట్టె మరిచిపోయి నల్లటి ముద్ర వేసింది. మెయిలు వచ్చిందా అని తీయడం, రాలేదని పెట్టేయడం, పెట్టేసిన చేత్తోనే మళ్లీ తీయడం. అప్పగించడమైతే అప్పగించింది గానీ, ఆ మరుక్షణం నుంచి దాన్ని తిరిగి రాబట్టుకోవడానికి వెయ్యని ఎత్తు లేదు.

మొగుడు లిఫ్టు మెకానిక్కు. బూట్ల లేసులు కట్టుకుంటూ తల ఎత్తకుండానే అన్నాడు. "లిఫ్టు ముందు నిలబడి బటన్ను ఇరవైసార్లు నొక్కేవాళ్లని రోజూ చూస్తుంటాను. దానికి ఒక్క నొక్కు చాలు. మిగతా పంతొమ్మిదీ బటన్ను చెడగొట్టి నాకు పని కల్పించడానికే."

"మీ లిఫ్టయితే ఎన్నో అంతస్తులో ఉందో పైన అంకె కనిపిస్తుంది. నాదానికి ఆ అంకె కూడా లేదు" అంది ఆవిడ.

ఆయన రెండో బూటు తొడుక్కున్నాడు.

కోడలికి ముప్పై రెండేళ్లు. విత్తనాల మీద పరిశోధన చేసే డాక్టరేటు సీటు కోసం నాలుగు యూనివర్సిటీలకు దరఖాస్తు పెట్టింది. మొదటిది నెల తిరక్కుండానే వద్దంది. రెండోది ఈ ఏడు ఎవరినీ చేర్చుకోవడం లేదంది. మూడోవాళ్లు రాసిన జాబు ఎంత మర్యాదగా ఉందంటే, వద్దన్నారని తెలుసుకోవడానికి రెండుసార్లు చదవాల్సి వచ్చింది. ఇక మిగిలింది నాలుగోది. మొదట్నుంచీ మనసులో ఉన్నదీ అదే. అక్కడ వయసు గీత ముప్పై రెండు దగ్గర గీశారు, వచ్చే ఏడు పెట్టుకుందామంటే ఫారం కూడా తీసుకోరు. పదేళ్ల కిందట ఒకసారి సీటు చేతిదాకా వచ్చింది. చేరాల్సిన వారంలోనే నాన్న మంచాన పడ్డాడు. ఆ మంచం పక్కన కూర్చుని సీటు వదులుకుంటున్నట్టు కాగితం రాసింది. ఇప్పుడు ఇది పోతే మరి లేదు.

ఈసారి ఫారం పెట్టమని వెంటపడి పోరింది అత్తగారు. ఆవిడ బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. "నువ్వు కుదురుగా ఉండలేని మనిషివి, చదువుకుంటేనన్నా ఒకచోట కూర్చుంటావు" అన్నది ఆవిడ వాదన. దరఖాస్తు పెట్టాక కూర్చోవడం అసలుకే పోయింది. కోడలు కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతుంటే, "సంబంధం మాట్లాడుకుని వెళ్లి ఉలుకూ పలుకూ లేనివాళ్లలా ఉన్నారు నీవాళ్లు. వాళ్లకీ ఓ అత్తగారు ఉంటే బాగుండేది, చెవి మెలేసి రాయించేది" అనేది.

*

ఆవిడ పనిచేసేది విత్తనాల పరీక్షశాలలో. రైతులూ వ్యాపారులూ తెచ్చిన గింజల్లో నూటికి ఎన్ని మొలుస్తాయో లెక్కగట్టి కాగితం ఇస్తారు అక్కడ. నాలుగు వందల గింజలు తీసుకుని, వందేసి చొప్పున తడి కాగితాల మీద వరసగా పేర్చి, చాపలా చుట్టి, మొలకల బీరువాలో నిలబెడతారు. ఏ జాతికి ఎన్ని రోజులో అన్ని రోజులూ ఆగి, చుట్టలు విప్పి ఒక్కో మొలకనూ చూస్తారు. నిటారుగా ఉన్నది మంచి మొలక. మెలితిరిగింది పనికిరాదు. ఉబ్బి ఊరుకున్నవి ఒకవైపు, కుళ్లినవి ఒకవైపు. ఎనిమిదేళ్లుగా ఈ లెక్క ఆవిడదే కాబట్టి ఆఫీసులో అందరికీ ఆవిడ మొలకమ్మ. ఈమధ్య ఆ పేరుతోపాటు ఓ ప్రశ్న కూడా తగిలించారు.

"ఏం మొలకమ్మా, సీటు మొలిచిందా?" అని అడిగాడు తూకాలాయన. వచ్చిన గింజల్ని తూచి, నమూనాలు విడదీయడం ఆయన పని. నోరు ఊరుకోదు.

"ఇంకా ఉబ్బే ఉంది" అంది ఆవిడ.

"చూసుకో, కుళ్లిందేమో."

"మీ నోట్లో తూకంరాయి వెయ్య!"

లెక్కగదిలోకి ఫోన్లు రానివ్వరు. చేతులు తడిగా ఉంటాయి, ఫోనుకున్న మురికి కాగితాలకు అంటుతుందని పెద్దసారు పెట్టిన నియమం. గుమ్మం దగ్గర ఒక రేకుపెట్టె ఉంది, అందరూ అందులో వేసి లోపలికి రావాలి. కాబట్టి మొలకమ్మకు రోజుకు ఇరవై ముప్పైసార్లు దాహం వేసేది. ఎందుకంటే నీళ్లకుండ రేకుపెట్టె పక్కనే ఉంది.

ఫోన్లు లేని గదిలో రోజు తెలియడానికి గోడ మీద ఓ పెద్ద క్యాలెండరు. పొద్దున ఎవరు ముందు వస్తే వాళ్లు నిన్నటి తేదీని పెన్నుతో కొట్టేయాలి. కొట్టేయని మొదటి అంకె ఏదైతే అదే ఆ గదికి ఇవాళ. చుట్టలకు కట్టిన గడువు చీటీల మీద తేదీ ఉంటుంది. గోడ మీద అంకె చూడటం, ఆ అంకె ఉన్న చీటీ బీరువాలోంచి తీయడం. ఎన్నేళ్లుగానో అలాగే నడుస్తోంది.

పదకొండో తేదీ మంగళవారం సాయంత్రం, వెళ్లేముందు మొలకమ్మకు మళ్లీ దాహం వేసింది. ఈసారి ఫోనులో నిజంగానే మెయిలుంది. నాలుగోవాళ్లే. "మీ దరఖాస్తు చివరి వడపోతలో ఉంది. ఈ వారంలోనే మీ పై అధికారితో మా ప్రొఫెసరుగారు ఫోనులో మాట్లాడతారు. ఆ తర్వాత నిర్ణయం తెలియజేస్తాం."

పై అధికారి అంటే పెద్దసారే. సిఫారసు ఉత్తరం రాసింది ఆయనే. వారమంటే ఇంకా నాలుగు రోజులున్నాయి. బుధ, గురు, శుక్ర, శని. ఇవి నాలుగూ తలుపు తోసుకుని ఒకేసారి వచ్చేస్తే ఎంత బాగుండు! చెప్పుల్లో కాళ్లు పెట్టుకున్నది కాస్తా మళ్లీ లెక్కగదిలోకి వెళ్లింది. ఈ మంగళవారం ఎలాగూ అయిపోయింది కదా, దాన్ని ఇంకా రేపటిదాకా బతకనివ్వడం ఎందుకన్నట్టు, పదకొండో అంకె మీద పెన్నుతో బరబరా కొట్టేసింది. మనసుకు కొంచెం హాయిగా అనిపించింది. ఇంటికి వెళ్లిపోయింది.

*

మర్నాడు ముందు వచ్చింది తూకాలాయన. అలవాటైన చెయ్యి కదా, కొట్టేయని మొదటి అంకెను వెతికి కొట్టేసింది. అది పన్నెండు. ఇక గోడ మీద ఇవాళ పదమూడు, గురువారం.

"అప్పుడే గురువారమా! ఈ వారం పరుగెడుతోందేంటి?" అన్నాడు తూకాలాయన.

"మీకు వయసు మీదపడుతోంది. పెద్దవాళ్లకి రోజులు అలాగే పరుగెడతాయట" అంది మొలకమ్మ. తనకు మాత్రం ఒక్కో గంటా నడుం విరిగిన ఎద్దులా కదులుతోంది. ఆ పొద్దున ఫోను తొమ్మిదిసార్లు తీసి చూసింది. ప్రతిసారీ తెర మీద పైన తేదీ ఉంది. ఆవిడ కళ్లు దాన్ని దాటుకుని మెయిళ్ల మీదకు దూకాయి.

పదమూడో తేదీ గడువు చీటీ ఉన్నది ఒకే ఒక్క నమూనాకు. అలసంద గింజలు, ఎనిమిదో రోజున లెక్క. నాలుగు చుట్టలూ తీసి బల్ల మీద విప్పింది. మధ్యలో రెండుసార్లు పెద్దసారు గదిలో ఫోను మోగింది, రెండుసార్లూ ఆవిడ చెయ్యి ఆగిపోయింది. నాలుగు చుట్టలూ కలిపి సగటు తీస్తే నూటికి మంచివి డెబ్బై ఒకటి, మెలితిరిగినవి ఎనిమిది, ఉబ్బి ఊరుకున్నవి పదిహేను, కుళ్లినవి ఆరు. నూటికి డెబ్బై అయిదు ఉంటే గానీ విత్తనంగా అమ్మనివ్వరు. పదిహేను ఉబ్బినవేంటి, ఇన్నెందుకున్నాయి అని మనసులో ఏదో మెదిలింది. మెదిలింది గానీ అప్పుడే పక్కగదిలో ఫోను మూడోసారి మోగింది. అంకెలు వేసి, సంతకం పెట్టి, పెద్దసారు బల్ల మీద పెట్టింది. ఆయన ముప్పై కాగితాలతోపాటు దాని మీదా సంతకం చేశాడు. అంకెలు చూశాడు, తేదీ చూడలేదు.

ఆ గింజలు తెచ్చిన పెద్దాయన బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఎప్పుడూ భుజాన గోనెసంచి ఉంటుంది, అందుకని ఆయన సంచి పెద్దాయన. బుధవారం బుధవారం సంతకు వస్తాడు, వచ్చినప్పుడల్లా ఇటు తొంగిచూసి పోతాడు. సొంతంగా విత్తనం కట్టి చుట్టుపక్కల ఊళ్లకు ఇస్తాడు.

"తాతా, నీ కాగితం వచ్చింది" అని ఇచ్చింది మొలకమ్మ. "నిలబడలేదు. డెబ్బై ఒకటే."

పెద్దాయన కాగితం అటూ ఇటూ తిప్పాడు. "డెబ్బై ఒకటా? నా గింజా? ఇంట్లో నేను కుండపెంకులో ఇసక పోసి వేసుకున్నానమ్మా, వందకు ఎనభై లేచాయి."

"నీ ఇసక వేరు, మా కాగితం వేరు తాతా."

"నా ఇసకే మంచిది" అని సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

గంట తిరక్కుండా మళ్లీ వచ్చాడు. చేతిలో రెండు కాగితాలు.

"అమ్మా, నాకు చదువు రాదనుకోకు. అంకెలు చదువుతాను. ఇది సంత గేటు దగ్గర ఇచ్చిన చీటీ, దీని మీద పన్నెండు. ఇది మీరిచ్చింది, దీని మీద పదమూడు. రేపటి తేదీ వేసిన కాగితం ఇవాళే ఎలా ఇచ్చావు?"

"పదమూడే కదా ఇవాళ?"

"మీకు పదమూడేమో. సంతలో అందరికీ బుధవారం."

మొలకమ్మ రేకుపెట్టె దగ్గరకు వెళ్లి ఫోను తీసింది. ఆ రోజు మొదటిసారి మెయిలు చూడలేదు. పన్నెండు, బుధవారం. అక్కడి నుంచే తలుపులోంచి క్యాలెండరు కనిపిస్తోంది. పన్నెండు మీద తూకాలాయన సన్నటి గీత. పదకొండు మీద తన బరబరా గీతలు. తీసింది ఎనిమిదో రోజు చుట్టలు కావు, ఏడో రోజువి. ఆ పదిహేను గింజలూ చచ్చిన గింజలు కావు. ఇంకా లేవాల్సిన గింజలు. వాటిని పొద్దునే లెక్కపెట్టి, చెత్తబుట్టలో పోసేసింది.

"తేదీ దిద్దివ్వు తల్లీ, చాలు" అన్నాడు పెద్దాయన. "గింజ నిలబడకపోతే పోయింది, నా రాత. ఈ కాగితం మా సంఘంలో చూపించాలి. రేపటి తేదీ చూస్తే దొంగకాగితం అంటారు."

చేతిలో పెన్ను ఉంది. మూడును రెండు చేసి, పక్కన పొట్టి సంతకం పెడితే చాలు. అడిగేవాడే అంతకుమించి అడగడం లేదు. ఈ వారమే ఆ ప్రొఫెసరు పెద్దసారుకు ఫోను చేస్తుంది. ఏ గడియలో చేస్తుందో తెలియదు. 'మీ మనిషి పని ఎలాంటిది?' అని అడుగుతుంది. ఎనిమిదేళ్లలో ఒక్క తప్పు లేదన్న మాట ఆయన నోటి చివర సిద్ధంగా ఉంది. మూడు రోజులు ఆగి చెప్తే? శనివారం సాయంత్రం చెప్తే? అప్పటికి ఈయన తన గింజల్ని కోళ్లకు పోసేస్తాడు.

"తాతా, కాస్త కూర్చో" అంది.

*

పెద్దసారు గది గుమ్మం దాకా వెళ్లి రెండుసార్లు వెనక్కి వచ్చింది. మూడోసారి లోపలికి వెళ్లింది.

"సార్, ఒక తప్పు జరిగింది."

"ఎవరు చేశారు?"

"నేనే సార్."

"అయితే జరిగింది అనకు. చేశానను."

చెప్పింది. నిన్న సాయంత్రం కొట్టేసిన అంకె నుంచి చెత్తబుట్టలో పోసిన గింజల దాకా. ఎందుకు కొట్టేశావని ఆయన అడిగితే, ఇవాళ అయిపోవాలని తొందరేసింది సార్ అంది. చెప్తుంటే తనకే ఎంత చిన్నపిల్ల చేష్టలా ఉందో వినిపించింది. పెద్దసారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన కోపం కేకలు వేసే కోపం కాదు, కళ్లజోడు తీసే కోపం.

"ఆ ప్రొఫెసరుగారు ఈ వారం ఫోను చేస్తుందని తెలుసుగా?"

"తెలుసు సార్."

"తెలిసే వచ్చావా?"

"తెలిసే సార్. రెండుసార్లు వెనక్కి కూడా వెళ్లాను."

"విన్నాను ఆ చెప్పుల చప్పుడు. వరండా కొలతలు ఎవరు తీస్తున్నారా అనుకున్నా." ఆయన నవ్వలేదు. "ఆవిడ అడిగితే నేను దాచను. అబద్ధం చేతగాక కాదు. ఆ ఉత్తరం మీద సంతకం నాది."

"దాచమని అడగడానికి రాలేదు సార్."

"వెళ్లు. ఆ గింజల్లో మనం విడిగా ఉంచుకున్న నమూనాలోంచి నాలుగు వందలు తీయించు. ఇవాళే వెయ్యి. తప్పుల రిజిస్టరులో నీ చేత్తో రాయి. ఆ కాగితం వెనక్కి తీసుకో."

తూకాలాయన కిక్కురుమనకుండా గింజలు విడదీశాడు. రెండో గీత తనదే కదా. "నేనన్నా చూసుకోవాల్సింది. గురువారమా అని అన్నాను కూడా, నా నోటికి తెలిసింది, నా బుర్రకి తెలియలేదు" అన్నాడు చివరికి.

పెద్దాయనకు మొత్తం చెప్పడం అన్నిటికన్నా కష్టమైంది. ఆయన బెంచీ మీద కూర్చుని విన్నాడు.

"అంటే నువ్వు తేదీ కొట్టేశావు కాబట్టి నా గింజలకి ఓ పగలు తగ్గించావు."

"అవును తాతా."

"నువ్వు తేదీ కొట్టేస్తే మా ఊళ్లో పొద్దు గూకలేదమ్మా" అన్నాడు. కాస్త కోపంగానే అన్నాడు. "ఈ గంటలో ఇద్దరికి చెప్పుకున్నాను, నా గింజ చచ్చిందని."

"ఇప్పుడు మళ్లీ వేస్తున్నాం. ఇరవయ్యో తేదీకి తెలుస్తుంది."

"నాకు తెలుసు. తెలియాల్సింది మీకు."

*

ఫోను మర్నాడే వచ్చింది. లెక్కగదికీ పెద్దసారు గదికీ మధ్య పలుచటి చెక్కగోడ. మొలకమ్మ ఈవైపు మొక్కజొన్న చుట్ట విప్పుకుని కూర్చుంది. చేతులు గింజల మీద ఉన్నాయి, ఒళ్లంతా చెవులయింది.

"ఆ, నేనే మాట్లాడుతున్నాను... ఎనిమిదేళ్లు... మంచి చెయ్యి, ఓపిక... అంటే, ఓపిక ఉందనే అనుకున్నాను..."

తూకాలాయన అటు నుంచి వెళ్తూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"లోపాలా? ఉంది ఒకటి. మొన్ననే." ఆ తర్వాత పెద్దసారు ఉన్నదున్నట్టు చెప్పుకుపోయాడు. పదకొండు, పన్నెండు, పదమూడు, ఏదీ వదల్లేదు. మొలకమ్మ కళ్లు మూసుకుంది. ఆ తర్వాత పెద్దసారు గొంతు మారింది. "ఏంటీ?... డెబ్బై ఒకటి... ఉబ్బినవా? పదిహేను... లేదు, గట్టిగానే ఉన్నాయిట... ఎనిమిదో రోజుది ఇంకా తెలీదు. ఇరవై... సరే. సరే."

ఫోను పెట్టేసిన చప్పుడు. తర్వాత "మొలకమ్మా!" అన్న పిలుపు. ఆయన ఆ పేరుతో పిలవడం అదే మొదటిసారి.

"ఆవిడ అదోరకం మనిషి" అన్నాడు పెద్దసారు, ఫోను వంకే చూస్తూ. "తప్పు సంగతి చెప్పాక నీ గురించి ఒక్క ముక్క అడగలేదు. ఏడో రోజు ఎన్ని, ఎనిమిదో రోజు ఎన్ని, ఉబ్బినవి ఎలా ఉన్నాయి, అంతా గింజల గొడవే. ఎనిమిదో రోజు లెక్క రాగానే లెక్కపెట్టిన మనిషే స్వయంగా రాసి పంపాలంది."

"అంటే మంచిదా సార్, చెడ్డదా?"

"నన్నడిగితే? నేను ఫోనుకి ఇవతల ఉన్నాను."

ఇక ఆ వారం ఎలా గడిచిందో ఆ ఇంటి గోడల్ని అడగాలి. ఫోను సొరుగులో పెట్టాల్సిన పని తప్పింది, ఇరవైదాకా మెయిలు రాదని తేలిపోయింది కాబట్టి. ఆత్రం పోలేదు, చోటు మార్చుకుంది. ఇప్పుడు మొలకల బీరువా తలుపు మీద పడింది. తెరిస్తే లోపలి వెచ్చదనం పోతుంది, తెరవకూడదు. తెరవలేదు. బీరువా ముందు నుంచి ఊరికే నడిచేది, ఏదో పనున్నట్టు. తూకాలాయన బీరువా ముందు ఓ బల్ల అడ్డం పెట్టి, "కాపలాకి కుక్కని కూడా తేనా?" అన్నాడు.

ఆదివారం పొద్దున అత్తగారు యూనిఫారాల గుడ్డ కత్తిరిస్తూ అడిగింది. "చెప్పకపోతే ఏమయ్యేది?"

"ఏమీ అయ్యేది కాదత్తయ్యా. ఎవరికీ తెలిసేది కాదు."

"హూఁ. నేను ఓ నిక్కరు అంగుళం పొట్టిగా కత్తిరిస్తే ఆ పిల్లాడి తొడలు బడంతా చూస్తుంది. నీ పనిలో ఎవరూ చూడరు. నాదే సుఖం." కత్తెర ఆపింది. "సీటు రాకపోతే దీనివల్లే అనుకుంటావా?"

"అనుకుంటాను."

"అనుకో. ఓ నెల అనుకుని మానెయ్యి. నాకు పక్కన కూర్చుని గుండీలు కుట్టేవాళ్లు లేరు."

మొగుడు పక్కగదిలోంచి, "గుండీలా? చొక్కాకి జేబు కాల్చిన మనిషి చేతికి గుండీలిస్తావా అమ్మా?" అని అరిచాడు. ముగ్గురూ నవ్వారు. నవ్వు ఆగాక మొలకమ్మ లేచి వెళ్లి ముఖం కడుక్కుంది.

*

ఇరవయ్యో తేదీ గురువారం. తూకాలాయన గోడ మీద అంకెనూ, ఫోను మీద అంకెనూ, వీధిలోంచి పేపరు తెప్పించి దాని మీద అంకెనూ మూడూ కలిపి చూసి, "ఇరవయ్యే" అని ప్రకటించాడు. సంచి పెద్దాయన సంత రోజు కాకపోయినా వచ్చి బెంచీ ఎక్కాడు.

మొదటి చుట్ట విప్పుతుంటే తడి కాగితం వేళ్లకు అంటుకుంది. మంచివి డెబ్బై తొమ్మిది. రెండోది ఎనభై రెండు. మూడోది డెబ్బై ఎనిమిది. నాలుగోది పెద్దసారు తనే లెక్కపెట్టాడు, ఎనభై ఒకటి. సగటు ఎనభై.

పెద్దాయన కాగితం అందుకుని ముందు తేదీ చూసుకున్నాడు. తర్వాత అంకె చూసుకున్నాడు. "ఎనభై. నా ఇసక చెప్పిందే" అన్నాడు. కృతజ్ఞతలేమీ చెప్పలేదు, ఎందుకు చెప్పాలి? రెండు అడుగులు వేసి ఆగి, "నీకూ ఏదో రావాలన్నారుగా, ఆ తూకాలాయన చెప్పాడు. వచ్చిందా?" అన్నాడు.

"ఇంకా లేదు తాతా."

"వస్తే రానీ. రాకపోతే మళ్లీ కలుద్దాం, నా గింజలు ప్రతి ఏడూ వస్తాయి" అని వెళ్లిపోయాడు. ఓదార్పో ఎత్తిపొడుపో ఆవిడకు తెలియలేదు.

మధ్యాహ్నం కూర్చుని ప్రొఫెసరుకు రాసింది. ఏడో రోజు డెబ్బై ఒకటి, ఎనిమిదో రోజు ఎనభై. అంకెలు రాసి ఆగింది. అలా పంపితే చూడటానికి బాగుంటుంది. ఒక్క రోజులో తొమ్మిది గింజలు లేచాయన్నట్టు ఉంటుంది. కానీ అవి ఈ చుట్టలు కావు కదా. కింద ఇంకో రెండు వాక్యాలు చేర్చింది. "ఈ రెండు లెక్కలూ ఒకే చుట్టలవి కావు. మొదటి చుట్టల్ని నేను పారేశాను. కాబట్టి తేడా అంతా ఆ ఒక్క రోజుదేనని చెప్పలేను." పంపేసి, పంపిన మరుక్షణం ఆ రెండు వాక్యాలూ ఎందుకు రాశానా అని తల పట్టుకుంది.

శుక్రవారం రాలేదు. శనివారం రాలేదు. ఆదివారం ఎవరూ రాయరని తెలిసీ పదిహేడుసార్లు చూసింది.

సోమవారం పదకొండింటికి లెక్కగదిలో మూడో చుట్ట విప్పి సగం లెక్కపెట్టింది. గుమ్మం దగ్గర రేకుపెట్టెలో టింగుమంది. అందులో ఏడు ఫోన్లున్నాయి, ఎవరిదైనా కావచ్చు. అయినా లేచి పరుగెత్తింది, తడిచేతులతోనే. తెర మీద వేలు జారింది. కొంగుకు తుడుచుకుని మళ్లీ పెట్టింది.

మొదటి వాక్యం చదివింది. నమ్మకం కుదరలేదు. మూడోవాళ్ల జాబు గుర్తొచ్చి, ఇందులో కూడా ఎక్కడో 'కానీ' ఉండి ఉంటుందని చివరిదాకా చదివింది. లేదు. చేర్చుకుంటున్నారు. మూడు నెలల్లో వచ్చి చేరమన్నారు. అడుగున ప్రొఫెసరు తన సొంత మాటగా ఓ ముక్క చేర్చింది: "ఆ మొదటి చుట్టల్ని పారేయకుండా ఉంటే బాగుండేది. ఇక్కడ పారేయకండి."

నీళ్లకుండ పక్కన నేల మీద కూలబడింది. తూకాలాయన తొంగిచూసి, ముఖం చూసి, ఏమీ అడక్కుండా లోపలికి కేకేశాడు. "మొలిచిందర్రా!"

ఇంటికి ఫోను చేసింది. అత్తగారు ఎత్తింది, వెనక కుట్టుమిషను ఆగింది. "వచ్చిందా?" అంది ఆవిడ. మొలకమ్మ వెక్కింది. "ఏడుపు వినపడుతోంది. ఏ ఏడుపో చెప్పి ఏడు!"

"వచ్చిందత్తయ్యా."

"ఆ... సరే. వచ్చింది." కత్తెర పెట్టేసిన చప్పుడు వినిపించింది. "వాడికి నేను చెప్తాలే. లిఫ్టులో ఎక్కడ ఇరుక్కున్నాడో."

పెద్దసారు గదిలోకి వెళ్లి చెప్పింది. ఆయన రాస్తున్న కాగితం మీంచి తల ఎత్తలేదు.

"మంచిది" అన్నాడు. తర్వాత, "మూడో చుట్ట తెరిచిపెట్టి పోయావు. ఎండిపోతోంది" అన్నాడు.

గబగబా లెక్కగదిలోకి వచ్చింది. కాగితం అంచులు అప్పుడే పైకి లేస్తున్నాయి. నీళ్లు చల్లి, సర్ది, కూర్చుంది. ముప్పై ఏడు దగ్గర లేచిందో, ముప్పై ఎనిమిది దగ్గర లేచిందో ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. కళ్లు తుడుచుకుని, మొదటి మొలకను వేలితో పక్కకు జరిపి, ఒకటి అంది.